పొగచూరిన పాత పటాలకు వాసన పోయేదెలా?

కోనసీమ కొబ్బరి:

అందరికీ నమస్కారం. రాజోలు దగ్గర మా తాతగారి మండువా ఇల్లు ఈ వేసవిలో పడగొట్టేశారు. ఇత్తడి సామాను, ఉయ్యాల బల్ల, భోషాణం తలా ఒకటి పంచుకున్నారు. గోడల మీది పటాలు మాత్రం ఎవరూ అడగలేదు. నేనే దుప్పట్లలో చుట్టి హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఇప్పుడు మియాపూర్‌లో మా ఫ్లాట్ తలుపు తీస్తే చాలు, చుట్ట వాసన గుప్పుమంటోంది.

తాతయ్య లంక పొగాకు చుట్టలు కాల్చేవారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక చావడిలో పడక్కుర్చీ వేసుకుని వరసగా ముట్టించేవారు. ఆ కుర్చీకి పైనే ఈ పటాలు. ఎదురుగా వంటింటి గుమ్మం. మామ్మ చివరిదాకా కట్టెల పొయ్యి మీదే వండింది, కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి. శుక్రవారం సాంబ్రాణి సరే సరి. ఇవన్నీ కలిసి పటాలకు పట్టేశాయి.

నా దగ్గర ఉన్నవి ఇవి. లక్ష్మీదేవి పటం ఒకటి. అమ్మవారి చీర మీద చమ్కీలు, జరీ గుడ్డ ముక్కలు అంటించి ఉన్నాయి, చాలా పాతది. శ్రీరామ పట్టాభిషేకం పటం ఇంకొకటి. దీనికి కుడివైపు కింది మూల బొమ్మ అద్దానికి అతుక్కుపోయింది. తాతయ్య వాళ్ల నాన్నగారి పెద్ద ఫోటో. అది ఫోటోయే గానీ మీసాలు, ఉత్తరీయం అంచు ఎవరో పెన్సిల్‌తో దిద్దినట్టున్నారు. నాలుగోది ఫ్రేమ్ లేని కలంకారీ గుడ్డ, సీతాకల్యాణం. మామ్మ పుట్టింటివాళ్లు కాళహస్తి నుంచి తెచ్చి ఇచ్చారట.

మా చిన్నాడికి పిల్లికూతలు ఉన్నాయి. పటాలు వచ్చిన దగ్గర్నుంచీ రాత్రి దగ్గు ఎక్కువైందని నాకు అనుమానం. మావారు ఏమీ అనలేదు గానీ, అత్తయ్యగారు మాత్రం వాటిని బాల్కనీలో పెట్టమన్నారు. బాల్కనీలో వాన జల్లు కొడుతుంది.

సలహాలు చాలా వచ్చాయి. ఎండలో పెట్టమన్నారు, వెనిగర్‌తో తుడవమన్నారు, కలరా ఉండలు వేసి మూటకట్టమన్నారు. కార్లు శుభ్రం చేసేవాళ్ల దగ్గర ఓజోన్ మిషన్ ఉంటుంది, ఒక్క పూటలో పోతుంది అన్నారు. ఏదీ చేయలేదు. ఇవి పాడైతే మళ్లీ రావు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

శ్రీకాకుళం చిన్నోడు:

అక్కా, మా వైపు పెద్దాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, అడ్డపొగ తాగేవారు. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. మా ఇంట్లో పటాలదీ ఇదే కథ. మా అమ్మ సంక్రాంతి ముందు అన్నీ దించి ఎండలో పెట్టి, అద్దాల మీద విభూతి రాసి పొడి గుడ్డతో తుడుస్తుంది. తళతళలాడతాయి, వాసన కూడా పోయినట్టే ఉంటుంది. జూన్‌లో వానలు పడగానే మళ్లీ మొదలు. పోయిన వాసన మళ్లీ ఎలా వస్తుందో నాకూ తెలుసుకోవాలని ఉంది.

పాత కాగితం:

అమ్మా, నేను ఒక మ్యూజియం కన్జర్వేషన్ ల్యాబ్‌లో కాగితం మీది, గుడ్డ మీది బొమ్మల పని చూసి రిటైరయ్యాను. మీరు ఏదీ చేయకుండా ముందు అడిగారు చూడండి, దానికే సగం పని అయిపోయింది. మా దగ్గరికి వచ్చే పటాల్లో పొగ వల్ల పాడైనవాటికంటే పొగ వదిలించబోయి పాడుచేసినవే ఎక్కువ ఉండేవి.

ముందు చిన్నోడు అడిగినదానికి చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. పొగలో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి మసి. సన్నటి కర్బనపు పొడి, దానికి జిడ్డు అంటుకుని ఉంటుంది. ఇది బొమ్మ పైన కూర్చుంటుంది. రెండోది ఆవిరి రూపంలో వచ్చేది. చుట్ట పొగలో అయితే నికోటిన్ కూడా. ఇది కాగితం నారలోకి, చెక్క సందుల్లోకి, అట్టలోకి దిగిపోతుంది. ఊరగాయ జాడీ ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే వాసన రావడం లేదా, అలాగన్నమాట. ఎండలో పెడితే పైపైది ఎగిరిపోతుంది, లోపలిది ఉంటుంది. వానాకాలం గాలిలో చెమ్మ పెరిగినప్పుడు నీటి ఆవిరి ఆ నారల్లోకి చేరి, అక్కడ పట్టుకుని ఉన్న వాసన అణువుల్ని బయటికి తోస్తుంది. అందుకే పోయిందనుకున్నది మళ్లీ వస్తుంది.

దీన్నిబట్టి పని వరస తేలిపోతుంది. మొదట పైనున్న మసి పొడిగా తీసేయాలి. తర్వాత లోపలిది దానంతట అది బయటికి వచ్చేలా చేసి, వచ్చినదాన్ని పీల్చుకునే పదార్థం పక్కన పెట్టాలి. మధ్యలో నీళ్లు, పులుపు, సెంటు, ఏవీ రాకూడదు.

ఇంకో సంగతి. బొమ్మ వాసన అనుకుంటున్నదాంట్లో ఎక్కువ వాటా బొమ్మది కాదు. వెనక చెక్కది, అట్టది, అంచుల వెంట అంటించిన పేపర్లది. ముందు అద్దం అడ్డం ఉంది కాబట్టి బొమ్మకు కొంత రక్షణ ఉంది. వెనక చెక్క మాత్రం ఇన్నేళ్లూ పొగ తాగుతూనే ఉంది. ఫ్రేమ్ విప్పగానే మీకే తెలుస్తుంది, బొమ్మను వేరుగా, చెక్కను వేరుగా వాసన చూడండి.

విప్పడం పిల్లవాడు లేని గదిలో చేయండి. ఫ్యాన్ ఆపేయండి. మాస్కు, చేతులకు సన్నటి గ్లవ్స్ వేసుకోండి. కింద పాత తెల్ల దుప్పటి పరిచి పటం బోర్లా పెట్టండి. మేకులు లాగొద్దు, పట్టకారుతో మెల్లగా పక్కకు వంచండి. అంచున అంటించిన కాగితం బ్లేడుతో ఫ్రేమ్ వెంట కోస్తే చెక్క వచ్చేస్తుంది.

మసి తీయడానికి మొదట గొర్రె వెంట్రుకల మెత్తటి బ్రష్. బ్రష్‌ని రుద్దకూడదు, ఒకే దిక్కుగా నెట్టాలి. పక్కన వాక్యూమ్ క్లీనర్ గొట్టం తక్కువ స్పీడ్‌లో పట్టుకుంటే లేచిన పొడిని లాగేసుకుంటుంది. గొట్టం నోటికి పలచటి నెట్ గుడ్డ కట్టండి, చమ్కీ ఏదైనా ఊడితే లోపలికి పోకుండా. తర్వాత రబ్బర్ స్పాంజి. వంటింటి స్పాంజి కాదు, పొగ మసి కోసమే అమ్ముతారు, స్మోక్ స్పాంజి అని వెతకండి. ఇది తడపకుండా వాడేది. చిన్న ముక్క కోసుకుని అద్దినట్టుగా తాకించాలి. నల్లబడ్డ వైపు కత్తిరించేసి కొత్త వైపు వాడాలి. బొమ్మ అంచున కనిపించని చోట ముందు పరీక్షించండి, స్పాంజికి రంగు అంటితే అక్కడే ఆపేయండి. వేలితో మాత్రం మసిని తాకొద్దు. చేతి జిడ్డు తగిలితే పొడి కాస్తా మరకై కూర్చుంటుంది.

ఇక వాసన. దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె, మూత గట్టిగా పట్టేది ఒకటి కొనండి. అడుగున వెడల్పాటి పళ్లెంలో యాక్టివేటెడ్ చార్‌కోల్ పోయండి. అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. ఇస్త్రీ పెట్టెలో వేసే బొగ్గులకు అంత శక్తి ఉండదు. యాక్టివేటెడ్ చార్‌కోల్‌కి లోపల సన్నటి రంధ్రాలు లెక్కలేనన్ని చేసి ఉంటాయి, వాసన అణువులు వాటిలో చిక్కుకుంటాయి. బొగ్గు పొడి ఎగరకుండా పైన పలచటి మల్లు గుడ్డ కప్పండి. దాని మీద ఎత్తుగా తీగల స్టాండ్, స్టాండ్ మీద తెల్ల కాగితం, దాని మీద బొమ్మ. బొగ్గు బొమ్మకు తగలకూడదు. ఇంకో గిన్నెలో వంట సోడా పెట్టండి, పుల్లటి స్వభావం ఉన్న వాసనల్ని అది పట్టుకుంటుంది. సోడా బొమ్మ మీద చల్లమని ఎవరైనా చెప్తే వినొద్దు, ఆ పొడి కాగితం నారలో ఇరుక్కుంటే మళ్లీ తీయలేం.

వారానికోసారి మూత తీసి చూడండి, బూజు ఆనవాలు ఉందేమో. వానాకాలం కాబట్టి సిలికా జెల్ పొట్లాలు కొన్ని వేయండి. మరీ ఎక్కువ వేస్తే కాగితం ఎండి వంకర తిరుగుతుంది. వాసన తగ్గడం ఆగిపోయిందనిపిస్తే బొగ్గు మార్చండి. కొన్ని వారాలు పడుతుంది, గట్టిగా పట్టినదానికి నెలలు కూడా పట్టొచ్చు.

మీకొచ్చిన సలహాల సంగతి. వెనిగర్ ఆమ్లం, పాత కాగితానికి ఆమ్లమే శత్రువు. కలరా ఉండలు వాసన తీయవు, తమ వాసన కలుపుతాయి, పిల్లవాడికి అసలు మంచిది కాదు. ఎండలో రంగులు వెలుస్తాయి, పాత కాగితం ఇంకా పచ్చబడి పెళుసవుతుంది. నీడలో, గాలి ఆడే చోట పొడి రోజున ఆరబెట్టడం వరకు మంచిదే. ఓజోన్‌కి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నాను, వద్దు. ఓజోన్ వాసనని విరగ్గొట్టేది రసాయనికంగా దాడి చేసి. దానికి చుట్ట వాసన వేరు, బొమ్మలో రంగు వేరు అని తెలియదు. నీలిమందు, మంజిష్ఠ లాంటి సహజ రంగులు ఓజోన్‌కి వెలిసిపోతాయి, అంటే మీ కలంకారీ. పిల్లికూతలు ఉన్న పిల్లాడున్న ఇంట్లో ఆ గాలి అసలే కూడదు.

ఫోటో విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త. పెన్సిల్, క్రేయాన్‌తో దిద్దిన బ్రోమైడ్ ఎన్‌లార్జ్‌మెంట్, అంటే బ్రోమైడ్ కాగితం మీద పెద్దది చేసి వేసిన ఫోటో అయి ఉంటుంది, ఆ రోజుల్లో స్టూడియోల్లో అలాగే చేసేవారు. దాని మీద స్పాంజి గానీ బ్రష్ గానీ పెట్టొద్దు. దిద్దిన మీసం స్పాంజితోపాటు వచ్చేస్తుంది. దాన్ని బొగ్గు పెట్టెలో పెట్టడం ఒక్కటే చేయండి.

కోనసీమ కొబ్బరి:

చాలా చాలా కృతజ్ఞతలండీ. చదువుతుంటేనే టెన్షన్ సగం తగ్గింది. రెండు సందేహాలు. రాముడి పటం అద్దానికి అతుక్కుపోయిన మూలను ఎలా విడదీయాలి? కలంకారీని పెట్టెలో పెట్టే ముందు ఒక్కసారి కుంకుడు రసంలో ముంచి తీయొచ్చా? మామ్మ పట్టుచీరలు అలాగే ఉతికేది.

పాత కాగితం:

విడదీయొద్దు. చెమ్మకు బొమ్మ పైపొర మెత్తబడి అద్దానికి పట్టుకుని ఉంటుంది. లాగితే రంగు అద్దం మీద ఉండిపోతుంది, తెల్ల కాగితం మీకు మిగులుతుంది. అద్దంతో సహా ఫ్రేమ్‌లోంచి బయటికి తీసి, వెనక చెక్క మాత్రం మార్చి, అద్దంతోనే బొగ్గు పెట్టెలో పెట్టండి. వాసన వెనకవైపు నుంచి పోతుంది. విడదీయాల్సిందే అనుకుంటే అది ల్యాబ్‌లో చేసే పని. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది, అక్కడికెళ్లి ఎవరిని కలవాలో అడగండి. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ కన్జర్వేషన్ కేంద్రాలు కూడా ఇంట్లోవాళ్ల వస్తువులు తీసుకుంటాయి. అంతకుమించి పెద్ద పని అయితే లక్నోలో కన్జర్వేషన్ కోసమే ఉన్న జాతీయ పరిశోధనాలయం, మైసూరులో దాని ప్రాంతీయ ల్యాబ్ ఉన్నాయి.

కలంకారీకి కుంకుడు రసం వద్దమ్మా. కొత్త గుడ్డ అయితే వేరే మాట. కాళహస్తి పనివాళ్లు గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, ఆ తర్వాత కసిమితో గీతలు గీస్తారు. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టినది. అది కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఈ ఇనుప నలుపు కాలం గడిచేకొద్దీ తన కింద గుడ్డను తానే తింటుంది. పాత కలంకారీల్లో మొదట చిరిగేది నల్ల గీతల దగ్గరే. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి, గీతల్లో సన్నటి చిల్లులు కనిపిస్తే నీళ్ల బరువుకే చీలిపోతుంది. పైగా పులుపు ఏది తగిలినా ఆ నలుపు పలచబడుతుంది. వాక్యూమ్ గొట్టానికి నెట్ కట్టి, గుడ్డ మీద ఇంకో నెట్ పరిచి, గొట్టాన్ని పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా గుడ్డ రెండువైపులా దుమ్ము లాగించండి. మడతలు పెట్టొద్దు, తెల్ల నూలు గుడ్డ చుట్టిన లావుపాటి గొట్టానికి చుట్టి పెట్టెలో ఉంచండి.

బెజవాడ ఫ్రేములు:

అక్కా, మాది విజయవాడలో పటాలు కట్టే షాపు, నాన్న దగ్గర్నుంచి నేర్చుకున్నా. పెద్దాయన చెప్పినదంతా కరెక్టే. ఫ్రేమ్ గురించి నేను చెప్తా.

పాత పటాల వెనక ఉండేది సామాన్యంగా టీ పెట్టెల ప్లైవుడ్, లేదంటే సరుకు పెట్టెల దేవదారు పలకలు. సందుల్లో దుమ్ము పోకుండా మైదా జిగురుతో న్యూస్‌పేపర్ అంటించేవాళ్లు. పలక, పేపర్, మైదా, మూడూ వాసన పట్టేవే, పురుగుకి ఇష్టమైనవే. వాటిని దాచుకోవద్దు, బయట పడేయండి. నేను విప్పిన పటాల్లో వెనక చెక్క తీసేస్తేనే సగానికి పైగా వాసన పోయినవి చాలా ఉన్నాయి.

ముందు ఫ్రేమ్ మాత్రం పారేయొద్దు. టేకుదైతే అలాంటి చెక్క ఇవాళ కొనాలంటే కష్టం. తడి గుడ్డతో తుడిస్తే పాత పాలిష్ తెల్లబారుతుంది. పొడి బ్రష్ కొట్టి, నీడలో బాగా ఆరనిచ్చి, లోపల గాడిలో, వెనక వైపు, అంటే పాలిష్ లేని పచ్చి చెక్క కనిపించే చోట లక్క పాలిష్ రెండు పూతలు వెయ్యాలి. లక్కని స్పిరిట్‌లో కరిగించినది, మామూలు ఫ్రెంచ్ పాలిష్. అది ఆరాక పొరలా మూసేస్తుంది, చెక్కలో ఉన్న వాసన బయటికి రాదు. వార్నిష్ కన్నా దీనికే ఆ గుణం ఎక్కువ. స్పిరిట్ వాసన పూర్తిగా పోయేదాకా ఫ్రేమ్‌ని బొమ్మ దగ్గరికి రానివ్వొద్దు.

అద్దం పాతదైతే బుడగలుంటాయి, అందంగా ఉంటుంది, అదే పెట్టించుకోండి. చుట్ట పొగకి లోపలివైపు కూడా పసుప్పచ్చటి జిడ్డు ఉంటుంది. అద్దాన్ని ఫ్రేమ్‌లోంచి తీశాకే కడగాలి. పటం గోడకి ఉండగానే అద్దం మీద లిక్విడ్ కొడతారు కొందరు, అది కిందికి కారి గాడిలోంచి బొమ్మలోకి పోతుంది. కింది అంచున గోధుమరంగు మరకలున్న పటాలు చాలా వరకు అలా పాడైనవే.

తిరిగి కట్టేటప్పుడు యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని) బోర్డ్ వెనకా, మౌంట్, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే అట్ట, ముందూ పెట్టమని షాపువాళ్లకి గట్టిగా చెప్పండి. మౌంట్ ఉంటే అద్దానికీ బొమ్మకీ మధ్య సందు ఉంటుంది, రాముడి పటంలా అతుక్కోవు. మామూలు అట్ట కన్నా ఖర్చు ఎక్కువవుతుంది, కానీ దాని దగ్గర తగ్గొద్దు.

ఆరెగాన్ చినుకు:

నేను పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటాను. 2020 సెప్టెంబర్‌లో ఇక్కడ కార్చిచ్చు పొగ ఊళ్లన్నిటినీ కమ్మేసింది. కిటికీలు మూసినా ఇంట్లోకి వచ్చింది. మా హాల్లో అమ్మ ఇచ్చిన నిర్మల్ బొమ్మ, కొండపల్లి అంబారీ ఏనుగు ఉన్నాయి, రెంటికీ కమురు వాసన పట్టింది. ఇల్లు శుభ్రం చేసేవాళ్లు ఓజోన్ పెడతామన్నారు. వాళ్ల కాగితంలోనే మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు బయటికి పోవాలని రాసి ఉంది. మొక్క బతకని గాలిలో నిర్మల్ బొమ్మ ఎందుకుండాలని మేం ఒప్పుకోలేదు. హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్‌లో కార్బన్ ఫిల్టర్ కూడా ఉన్నది తీసుకుని ఆ గదిలో నడిపాం. హెపా ఒక్కటే అయితే రేణువుల్ని పడుతుంది, వాసనని పట్టదు, కొనేటప్పుడు అది చూసుకోండి. మాది కొత్తగా పట్టిన పొగ కాబట్టి తొందరగానే పోయింది. మీది తరాల పొగ, దానికి పెద్దాయన చెప్పిన పెట్టే సరైనది. కానీ పిల్లాడి గదిలో ఇలాంటి ప్యూరిఫయర్ ఒకటి పెట్టండి. చుట్ట పొగ గోడలకీ వస్తువులకీ అంటుకున్నాక కూడా కొద్దికొద్దిగా గాలిలోకి వస్తూనే ఉంటుంది. డాక్టర్‌కి కూడా ఈ పటాల సంగతి చెప్పండి, మీ అనుమానం కొట్టిపారేయాల్సింది కాదు.

శ్రీకాకుళం చిన్నోడు:

నాకు సమాధానం దొరికింది, థాంక్స్ సార్. మా ఫ్రెండ్‌ది సిద్దిపేట, వాళ్లింట్లో చేర్యాల పటం ఉంది, వంటింటి పొగకి నల్లబడింది. దానికీ ఇదే పద్ధతా?

పాత కాగితం:

కాదు. చేర్యాల నకాషీలు, అంటే అక్కడ పటాలు వేసే చిత్రకారులు, గుడ్డ మీద సుద్ద మట్టి, చింతగింజల జిగురు కలిపి పూత వేసి, దాని మీద బంక కలిపిన రంగులు వేస్తారు. ఆ రంగు పొడిగా పెచ్చులై ఉంటుంది, స్పాంజి తగిలితే లేచి వస్తుంది, తడి తగిలితే కరుగుతుంది. పెచ్చులు లేని చోట మెత్తటి బ్రష్ మాత్రమే, ఆ తర్వాత బొగ్గు పెట్టె. చుట్టగా చుట్టి ఉన్న పటమైతే బలవంతంగా విప్పొద్దని చెప్పండి. చేర్యాలలో ఇప్పటికీ ఆ పని చేసే కుటుంబాలున్నాయి, వాళ్లకి చూపించడం అన్నిటికన్నా మేలు. తంజావూరు పటాలకీ ఇదే జాగ్రత్త, బంగారు రేకు కింద ఉండేది సుద్ద, జిగురే.

కోనసీమ కొబ్బరి:

దసరా దగ్గరికొచ్చింది, ఏమైందో చెప్పాలని వచ్చాను.

లక్ష్మీదేవి పటం విప్పాం. వెనక పలక తీయగానే మావారు, నేను ఇద్దరం వెనక్కి జరిగాం, అంత ఘాటు. పలకను కిందికి పంపేసి బొమ్మను వాసన చూస్తే మీరన్నట్టే చాలా తక్కువ. పలకకీ బొమ్మకీ మధ్య ఆంధ్రపత్రిక కాగితాలు మడతపెట్టి ఉన్నాయి, ముట్టుకుంటే పొడవుతున్నాయి. అన్నిటికన్నా ఆనందమైనది ఇంకోటి. ఫ్రేమ్ గాడిలో దాగిన కింది అంచు మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాలున్నాయి, రవివర్మ ప్రెస్, కార్లా, లోనావ్లా అని. మా ఇంట్లో ఎవరికీ తెలియదు ఇది. చిన్నాన్నకి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశారు.

బొగ్గు పెట్టెలో పెట్టాక లక్ష్మీదేవికి వాసన దాదాపు పోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తెలియదు. చమ్కీలు ఒక్కటీ ఊడలేదు. ముత్తాతగారి ఫోటోకి కూడా బాగా తగ్గింది. కలంకారీని వెలుగుకు పట్టి చూస్తే జనకుడి గడ్డం దగ్గర, మంటపం స్తంభాల దగ్గర సన్నటి చిల్లులు కనిపించాయి. కుంకుడు రసంలో వేసి ఉంటే అని తలుచుకుంటేనే గుండె ఝల్లుమంటోంది. దానికి వాసన ఇంకా కొంత ఉంది, బొగ్గు మార్చి మళ్లీ పెట్టాను. రాముడి పటం అద్దంతోనే ఉంది, వెనక నుంచి తగ్గుతోంది గానీ నెమ్మదిగా.

పిల్లాడి డాక్టర్‌కి చెప్పాను. పని అంతా అయ్యేవరకు పటాలు వాడు పడుకునే గదికి దూరంగా ఉంచమన్నారు. పెట్టె మూత వేసి ఉంటోంది కాబట్టి ఇంట్లో వాసన లేదు. రాత్రి దగ్గు తగ్గింది. అత్తయ్యగారు బాల్కనీ మాట ఎత్తడం లేదు, లక్ష్మీదేవి పటం దేవుడి గదిలో పెట్టమంటున్నారు. పెట్టొచ్చా? ఆంధ్రపత్రిక కాగితాలు ఏం చేయాలి?

పాత కాగితం:

చాలా సంతోషమమ్మా. రవివర్మ ఆ ప్రెస్ బొంబాయిలో 1894లో పెట్టారు. తర్వాత కార్లా గుహల దగ్గర మలవ్లీకి మార్చారు, 1901లో ష్లైకర్ అనే జర్మన్ సాంకేతిక నిపుణుడికి అమ్మేశారు. ఆయన చేతికి వెళ్లాక కూడా ఆ పేరుతోనే చాలాకాలం అచ్చు వేశారు. కాబట్టి పేరు చూసి ఏ సంవత్సరమో చెప్పలేం. 1972లో అగ్నిప్రమాదంలో ఆ ప్రెస్ కాలిపోయింది. ఇళ్లల్లో, మ్యూజియాల్లో, సేకరించేవాళ్ల దగ్గర మిగిలినవే ఇప్పుడు మనకున్నవి. ఆ కింది అంచు కత్తిరించకుండా కట్టమని ఫ్రేమ్ షాపులో తప్పకుండా చెప్పండి. మౌంట్ సరిపోలేదని చాలా చోట్ల కత్తిరించేస్తారు.

ఆంధ్రపత్రిక కాగితాలకు ఫోటోలు తీసుకోండి. తేదీ ఉన్న పేజీని, పటం ఎప్పుడు కట్టించారో చెప్పే ఆధారం కాబట్టి, పాలియెస్టర్ కవర్‌లో వేరుగా దాచండి. బొమ్మతో కలిపి మాత్రం పెట్టొద్దు, ఆ కాగితం ఆమ్లం బొమ్మకు ఎక్కుతుంది.

దేవుడి గదిలో వద్దని నా అభిప్రాయం. కర్పూరం మండితే ఎంత మసి వస్తుందో హారతి పళ్లెం అడుగు చూస్తే తెలుస్తుంది. అగరుబత్తి, నూనె దీపం రోజూ ఉంటాయి. పూజకు ఆ పటాన్నే పెద్ద సైజు ఫోటో తీయించి కట్టించుకోండి, అసలుది హాల్లో, వంటింటికి దూరంగా, ఎండ నేరుగా పడని గోడకు పెట్టండి. బయటి గోడ అయితే వానాకాలం చెమ్మ ఎక్కుతుంది, లోపలి గోడ చూసుకోండి. ఫ్రేమ్ వెనక కింది రెండు మూలలా కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

బెజవాడ ఫ్రేములు:

ఫోటో తీయించేటప్పుడు అద్దం లేకుండానే తీయించండి అక్కా, కట్టాక తీస్తే మెరుపు పడుతుంది. దసరా ముందు ఏ షాపులోనైనా రద్దీ ఉంటుంది, తొందరలో పని పాడవుతుంది. పండగ అయ్యాక ఇవ్వండి, అంచు సంగతి మాటతో పోనివ్వకుండా రసీదు మీద రాయించుకోండి. కలంకారీకి అద్దం వేయించాలనుకుంటే వాసన పూర్తిగా పోయాకే వేయించండి, మూసేసిన ఫ్రేమ్‌లో మిగిలిన వాసన అక్కడే తిరుగుతుంది.